లవంగ నూనె ఆకును కాలుస్తుంది, తుంగ గడ్డను తాకదు

తొలకరి వానలు పడి దామలచెరువు వైపు మామిడి తోటలన్నీ గడ్డితో నిండిన రోజుల్లో మా పిన్ని కొడుకు నాకొక వీడియో పంపించాడు. అందులో ఒకాయన లీటరు నీటిలో పది చుక్కల లవంగ నూనె, ఒక గ్లాసు వెనిగర్, గుప్పెడు ఉప్పు, గిన్నెలు తోమే ద్రవం కొంచెం కలిపి ఇంటి ముందరి గడ్డి మీద చల్లుతాడు. మర్నాటికి ఆ గడ్డి మాడిపోయి కనిపిస్తుంది. "అక్కా, ఇంక గడ్డి మందుతో పని లేదు, తోటకంతా ఇదే కొడదాం" అని తమ్ముడు కింద రాశాడు. అదే వారంలో తిరుపతిలో ఒక ఎరువుల అంగడికి వెళ్తే సుగంధ నూనెలతో చేసిన కలుపు మందు అంటూ ఒక సీసా చూపించారు. దాని మీద ఆకుల బొమ్మలున్నాయి, ఆవు బొమ్మ ఉంది. లోపల ఏ నూనె ఎంత శాతం ఉందో లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు, ఏ కలుపు మీద పనిచేస్తుందో లేదు. ఆ మాటే అడిగితే "ఆకులతో చేసిందే కదమ్మా, దానికి అవన్నీ ఎందుకు" అన్నారు.

సుగంధ నూనెలు కలుపును చంపవని నేను అనడం లేదు. కొన్ని చోట్ల, కొన్ని మొక్కల మీద, కొంత వయసు వరకు అవి నిజంగానే చంపుతాయి, ఆ సంగతి మా ఇంటి ముంగిట్లోనే చూశాను. నా అభ్యంతరం వేరు. బండల సందుల్లోనూ పూలకుండీల చుట్టూనూ పనికొచ్చే వస్తువును తీసుకొచ్చి ఎకరాల లెక్కన సేద్యం చేసే మనిషికి గడ్డి మందుకు బదులుగా అమ్మడం తప్పు అంటున్నాను. ఆ అమ్మకంలో రైతు డబ్బు పోతుంది, సీజన్ పోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా కలుపు గురించి మనం అడగవలసిన ప్రశ్న మరుగున పడుతుంది.

నూనె చేసే పని

ఈ విషయంలో తరచుగా ఉదహరించే పరిశోధన ఒకటుంది. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త థామస్ ట్వర్కోస్కీ 2002లో ప్రచురించిన ఆ పరిశోధనలో 25 రకాల మొక్కల నూనెలను కోసిన డాండెలియన్ అనే విదేశీ కలుపు మొక్క ఆకుల మీద పరీక్షించారు. దాల్చిన చెక్క, లవంగం, ఎర్ర థైమ్, సమ్మర్ సేవరీ అనే మొక్కల నూనెలు ఒక్క శాతం గాఢతలోనే ఆకు కణాలను దెబ్బతీశాయి. తర్వాత గాజుగృహంలో పెంచిన మూడు కలుపు మొక్కల మీద 5 నుంచి 10 శాతం గాఢతతో, నూనె ఆకుకు అంటుకునే పదార్థాలు కలిపి చల్లితే, గంట మొదలుకొని ఒక రోజులోపు కాండం, ఆకులు చచ్చిపోయాయి. దాల్చిన నూనెలో పనిచేసే పదార్థం యూజినాల్ అని కూడా అక్కడే తేల్చారు. లవంగ నూనెలో అధిక భాగం ఉండేది కూడా ఈ యూజినాలే, పంటి వైద్యుల దగ్గర మనకు వచ్చే వాసన దానిదే.

ఇది జరిగే తీరు సులభంగానే అర్థమవుతుంది. ఆకు పైన ఒక పలుచని మైనపు పొర ఉంటుంది, దాని కింద కణాలు, ప్రతి కణానికీ ఒక పొర. నూనె ఆ మైనాన్ని కరిగించుకుని లోపలికి పోయి కణపు పొరను చిల్లులు చేస్తుంది. కణంలోని నీరు, లవణాలు బయటికి కారిపోతాయి, ఎండ తగలగానే ఆకు వాడి మాడిపోతుంది. అందుకే మబ్బు పట్టిన పొద్దున కొట్టినదానికంటే మిట్టమధ్యాహ్నపు ఎండలో కొట్టింది బాగా పనిచేస్తుంది. మైనం మందంగా ఉన్న ఆకు, నూగు దట్టంగా ఉన్న ఆకు, ముదిరిన ఆకు తట్టుకుంటాయి. రెండు మూడు ఆకుల దశలో ఉన్న లేత మొలక తట్టుకోలేదు.

తిరుపతిలో మా ఇంటి ముందర పరిచిన బండల సందుల్లో ఏటా వయ్యారిభామ మొలుస్తుంది. లవంగ నూనెను కుంకుడు రసంతో బాగా చిలికి, వేపనూనెను నీళ్ళలో కలిపేటప్పుడు చేసినట్టే చేసి, ఎండ బాగా ఉన్న పూట ఆ మొలకల మీద కొట్టించాను. సాయంత్రానికే నల్లబడ్డాయి, మళ్ళీ లేవలేదు. పక్కనే మోకాలెత్తు పెరిగి పూతకొచ్చిన మొక్కలకు మాత్రం కింది ఆకులు మాడాయి, కొసలు పచ్చగా ఉండిపోయి కొత్త చిగుర్లు వేశాయి. పని చేస్తున్న అమ్మాయి వాసన చూసి "ఇది పన్ను నొప్పికి పెట్టే నూనె కదక్కా, గడ్డికి పోస్తారా" అని ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యంలో ఉన్న లెక్కను నేను తర్వాత వివరంగా వేసి చూశాను.

చుక్కల లెక్క

పది చుక్కలంటే సుమారు అర మిల్లీలీటరు. లీటరు నీటిలో అర మిల్లీలీటరు అంటే 0.05 శాతం. పరిశోధనలో మొక్కల మీద పనిచేసిన గాఢత 5 నుంచి 10 శాతం, అంటే వీడియోలోని మిశ్రమం తక్కువలో తక్కువ వంద రెట్లు పలచన. మరి ఆ గడ్డి ఎందుకు మాడింది? వెనిగర్ వల్ల, ఉప్పు వల్ల. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం లేత ఆకును కాలుస్తుంది. ఉప్పు నేలలోకి దిగి వేళ్ళకు నీరందకుండా చేస్తుంది. లవంగ నూనె అక్కడ వాసన కోసం, పేరు కోసం ఉంది. తాగే బోరు నీళ్ళే ఉప్పగా మారుతున్న ఊళ్ళున్న మన జిల్లాల్లో మామిడి పాదులో ఏటేటా ఉప్పు కలిపిన నీళ్ళు పోయడమంటే, చెట్టు ఎదుగుదలను మనమే చేతులారా కుంగదీయడం. ఉప్పు ఆకుల్లాగా మాడి మాయమయ్యేది కాదు, నేలలోనే ఉండిపోతుంది. ఈ ఒక్క విషయానికే ఆ వీడియోను మా వాళ్ళెవరికీ పంపవద్దని తమ్ముడికి చెప్పాను.

సరైన గాఢతలోనే కొడదామనుకుంటే ఖర్చు ఎలా ఉంటుందో చూద్దాం. ఎకరాకు 200 లీటర్ల నీళ్ళతో పిచికారీ చేయడం మనకు అలవాటు. 5 శాతమంటే అందులో 10 లీటర్ల నూనె, 10 శాతమంటే 20 లీటర్లు. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే 16 లీటర్ల బ్యాటరీ పంపు ఒక్క ట్యాంకుకు 800 మిల్లీలీటర్ల నూనె పోయాలి. లవంగాల బరువులో నూనె 15 నుంచి 20 శాతం వస్తుంది కాబట్టి 10 లీటర్ల నూనెకు యాభై కిలోలకు పైనే లవంగాలు కావాలి. లవంగాల ధర ఎంతో పులావు వండే ప్రతి ఇంటికీ తెలుసు. మార్కెట్లో దొరికే చవక లవంగ నూనె మొగ్గల నుంచి కాక లవంగపు ఆకుల నుంచి, కాడల నుంచి తీసిందే కావచ్చు, అయినా లెక్క పెద్దగా మారదు.

"లవంగం ఎందుకు, నిమ్మగడ్డి మన దగ్గరే పండుతుంది కదా" అని తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. నిమ్మగడ్డి నూనెలోని సిట్రాల్ కూడా లేత మొలకలను కాలుస్తుంది. కానీ తాజా నిమ్మగడ్డి బరువులో నూనె సుమారు అర శాతమే. ఒక ఎకరం మీద ఒక్కసారి కొట్టడానికి కావలసిన 10 లీటర్ల నూనె కోసం దాదాపు రెండు టన్నుల గడ్డి కోసి, మోసి, బట్టీలో పెట్టి, కట్టెలు మండించి ఆవిరి పట్టాలి. రెండు టన్నుల ఆకు చేతిలో ఉన్న రైతు దాన్ని కాచి నూనె తీసి, ఆ నూనెను కలుపు మీద కొట్టడం కంటే, నూనె తీసేసిన ఆ పిప్పినే చెట్ల పాదుల్లో మందంగా పరిస్తే కలుపు మీద ఎక్కువ పని జరుగుతుంది, నూనె అమ్ముకున్న డబ్బూ చేతిలో ఉంటుంది. నాకు ఈ లెక్క వేశాకనే మొత్తం విషయం తేటపడింది. సుగంధ నూనె విలువైన వస్తువు. దాన్ని సబ్బులవాళ్ళు, అత్తర్లవాళ్ళు, మందుల కంపెనీలవాళ్ళు మంచి ధరకు కొంటారు. దాన్ని కలుపు మీద పోయించాలనుకునేవాడు రైతు కోణం నుంచి ఆలోచించడం లేదు.

తుంగ, గరిక

ధర సంగతి పక్కన పెడదాం. రేపు ప్రభుత్వం సబ్సిడీ మీద నూనె ఇచ్చిందనే అనుకుందాం. అప్పుడైనా మన తోటల్లో అసలు శత్రువులైన తుంగ, గరిక లొంగవు. తుంగకు నేల కింద గొలుసులాగా గడ్డలుంటాయి, పైన ఉన్న ఆకంతా మాడ్చినా ప్రతి గడ్డకూ మళ్ళీ మొలిచే శక్తి ఉంటుంది. గరికకు పాకే కాండం, ప్రతి కణుపు దగ్గరా వేరు. నూనె తాకిన చోటే కాలుస్తుంది, మొక్క లోపల ప్రయాణించి వేరుకు చేరదు. మామిడి పాదులో తుంగ మీద అదే లవంగ నూనె కొట్టిస్తే సాయంత్రానికి ఎండుగడ్డిలా కనిపించింది, చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. రెండు వారాలు తిరగకముందే, వాన తేమ ఉండగానే, సూదుల్లాంటి కొత్త మొలకలు పాదంతా లేచాయి. చుట్టుపక్కల పొట్టి మొక్కలు చచ్చి నీడ లేకపోవడం వల్ల తుంగకు వెలుతురు ఇంకా ఎక్కువ దొరికిందని నా అనుమానం.

గ్లైఫోసేట్‌ అనే గడ్డి మందును జనం అంతగా నమ్ముకున్నది ఇందుకే. అది ఆకు నుంచి లోపలికి దిగి, రసంతో పాటు వేరుదాకా పోయి, మొక్క కొన్ని అమైనో ఆమ్లాలు తయారు చేసుకునే దారిని మూసేస్తుంది. వారం పది రోజులు పట్టినా గడ్డతో సహా దెబ్బతింటుంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. అమెరికా నియంత్రణ సంస్థ ఆ అంచనాతో ఏకీభవించలేదు. మన దేశంలో 2022 అక్టోబరులో కేంద్రం, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప దాన్ని ఎవరూ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు పల్లెల్లో ఎంతవరకు అమలవుతుందో పల్లెల్లో ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

నిజానికి సుగంధ నూనెల పనితీరు గ్లైఫోసేట్‌కు కాదు, మరో గడ్డి మందైన పారాక్వాట్‌కు దగ్గర. అదీ తాకిన చోటే కాల్చేది, గంటల్లో ఫలితం చూపేది. నా వాదనకు బలమైన ఎదురు వాదన ఇక్కడే ఉంది, దాన్ని దాటవేస్తే నేను నిజాయితీగా రాసినట్టు కాదు. పారాక్వాట్‌కు విరుగుడు లేదు. మింగినవాళ్ళను ఊపిరితిత్తులు పాడై రోజుల తరబడి నరకం అనుభవించాక పోగొట్టుకున్న ఇళ్ళు మన జిల్లాలో ఉన్నాయి. శ్రీలంక 2008కీ 2011కీ మధ్య పారాక్వాట్‌తో పాటు మరో రెండు మందులను దశలవారీగా నిషేధించాక అక్కడ పురుగుమందులతో జరిగే ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి. అటువంటి సీసా ఇంటి వసారాలో ఉండటం కంటే లవంగ నూనె సీసా ఉండటం వెయ్యి రెట్లు మేలని ఎవరైనా అంటే నేను వెంటనే ఒప్పుకుంటాను. ఆ సీసాను ఇంట్లోంచి తీసేయడానికి ఏ సాకు దొరికినా మంచిదే.

అయితే లవంగ నూనె పూర్తిగా నిరపాయమని అనుకోవడం కూడా సరికాదు. చిన్నపిల్లలు కొన్ని మిల్లీలీటర్లు మింగితే కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కళ్ళలో పడితే మంట మామూలుగా ఉండదు, చర్మం మీద పదే పదే పడితే దద్దుర్లు రావచ్చు. యూజినాల్‌ను చేపలకు మత్తు ఇవ్వడానికి వాడతారు కాబట్టి పంపు కడిగిన నీళ్ళు చెరువులో, కాలువలో పోయకూడదు. "ఆకులతో చేసిందే కదమ్మా" అన్న మాట వినగానే నాకు కోపం వచ్చింది ఇందుకే. ఆ మాట నమ్మి చేతులకు తొడుగు లేకుండా, మూతికి గుడ్డ లేకుండా పది శాతం నూనె కొట్టేది అంగడిలో కూర్చున్న మనిషి కాదు, కూలికి వచ్చిన మనిషి.

మరొక చిక్కు పంటతో. ఈ నూనెలు కలుపును, పైరును వేరుగా చూడవు. వేరుశనగ సాళ్ళ మధ్య దూరం 30 సెంటీమీటర్లే. విత్తిన తర్వాత మొదటి 45 రోజులు పంటను కలుపు లేకుండా కాపాడుకోవాలి. ఆ తర్వాత ఊడలు దిగే సమయంలో నేలను కదిలించకూడదు. ఆ 45 రోజుల్లో సాళ్ళ మధ్య నూనె కొడితే తుంపర పడిన ప్రతి వేరుశనగ ఆకూ మాడుతుంది. గుంటక తోలితే అదే పని ఒక పూటలో, పైరుకు దెబ్బ తగలకుండా అవుతుంది.

చెట్ల నీడలో మొలవని గడ్డి

ఇంతవరకు చదివి నేను మొక్కల రసాయనాలనే కొట్టిపారేస్తున్నానని అనుకోవద్దు. నాకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టిందే అందులోని అద్భుతం వల్ల. జామాయిల్ తోటలో నడిచినవాళ్ళకు కింద గడ్డి పలుచగా ఉండటం కనిపించే ఉంటుంది. మొక్క తన వాసనతో పొరుగు మొక్కను అణచగలదా అన్న ప్రశ్న మీద 1964లో కాలిఫోర్నియాలో మ్యుల్లర్ అనే శాస్త్రవేత్త ఒక పత్రం ప్రచురించారు. అక్కడి సాల్వియా పొదల చుట్టూ గడ్డి మొలవని ఖాళీ పట్టీలుంటాయి. ఆ పొదల ఆకుల నుంచి గాలిలోకి వచ్చే సినియోల్, కర్పూరం వంటి ఆవిర్లే గడ్డి మొలకలను అణచివేస్తున్నాయని ఆయన చెప్పారు. చాలా అందమైన వివరణ. ఆరేళ్ళ తర్వాత, 1970లో, బార్తొలొమ్యూ అనే మరొకాయన ఆ ఖాళీ పట్టీల్లో కొంత భాగానికి జంతువులు రాకుండా తీగ కంచె కడితే లోపల గడ్డి మొలిచింది. పొదల చాటున దాక్కునే ఎలుకల వంటి జీవులే బయటికి వచ్చి చుట్టుపక్కల మొలకలను తినేస్తున్నాయని తేలింది. ఆవిర్ల ప్రభావం అసలు లేదని దీని అర్థం కాదు. కానీ ప్రయోగశాల గిన్నెలో గింజను మొలవనీయని వాసనకు, బయటి నేల మీద గాలి, వాన, చీమ, ఎలుక అన్నీ ఉన్న చోట ఎంత బలం ఉంటుందో విడిగా కనుక్కోవాలి. జామాయిల్ కింద గడ్డి లేకపోవడానికి కూడా ఆకు నూనె ఒక్కటే కారణం కాదు, ఆ చెట్టు తాగేసే నీళ్ళు, మందంగా పరుచుకునే ఆకు చెత్త కూడా కారణాలే.

మరోవైపు వాసన నుంచి నిజంగానే గొప్ప మందులు పుట్టాయి. పార్కుల్లో, కాలేజీల ఆవరణల్లో ఎర్రటి సీసా బ్రష్‌లాంటి పూలు పూసే బాటిల్ బ్రష్ చెట్టు మనందరికీ తెలుసు. 1977లో కాలిఫోర్నియాలో ఒక రసాయన కంపెనీ శాస్త్రవేత్త ఆ చెట్టు కింద కలుపు తక్కువగా ఉండటం గమనించి, అందులో లెప్టోస్పెర్మోన్ అనే పదార్థాన్ని కనిపెట్టారు. దాన్ని ఆధారం చేసుకుని ఏళ్ళ తరబడి మార్పులు చేస్తూ వెళ్తే మెసోట్రయోన్ అనే కలుపు మందు వచ్చింది, 2001 నుంచి మొక్కజొన్నలో వాడుతున్నారు. న్యూజిలాండ్ మనూకా నూనెలో కూడా ఇదే లెప్టోస్పెర్మోన్ ఉంటుంది. సుగంధ నూనెలన్నీ తాకిన చోటే కాలుస్తాయని నేను పైన అన్నదానికి మనూకా నూనె మినహాయింపు, దాని పదార్థం వేళ్ళ ద్వారా కూడా లోపలికి పోయి ఆకులను తెల్లబరుస్తుంది. నీలగిరి నూనెలోని సినియోల్‌కు దగ్గరి బంధువైన 1,4-సినియోల్ నుంచి 1980లలో సిన్‌మెథిలిన్ అనే మందు తయారైంది, ఇటీవల ఆస్ట్రేలియాలో గోధుమ చేలకు మళ్ళీ వచ్చింది.

ఈ చరిత్ర చదివితే మొక్కల నూనెల నుంచి వ్యవసాయానికి మేలు జరిగిన దారి ఏమిటో కనిపిస్తుంది. నూనెను తెచ్చి నేరుగా పొలంలో పోయలేదు. నూనెలో ఏ పదార్థం పనిచేస్తుందో, మొక్కలో ఏ చోట పనిచేస్తుందో కనుక్కున్నారు, దాన్ని తక్కువ మోతాదులో పనిచేసేలా మార్చారు, విషపరీక్షలు చేశారు, లేబుల్ రాశారు. చివరికి వచ్చింది ఫ్యాక్టరీ మందే. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళు దాన్ని వాడరు, అది వాళ్ళ ఇష్టం, నేను గౌరవిస్తాను. ఫ్యాక్టరీ మందు వద్దనుకున్నవాళ్ళు లెప్టోస్పెర్మోన్ కథను చూపి బండి మీద అమ్మే లవంగ నూనె సీసాకు మద్దతు ఇవ్వడం మాత్రం కుదరదు.

వంగిన నడుములు

మా తోటకు కలుపు తీయడానికి వచ్చే ఆడవాళ్ళలో పెద్దామె ఒకరున్నారు. మోకాళ్ళ నొప్పితో కూర్చోలేరు, వంగే పని చేస్తారు, సాయంత్రానికి నడుము పట్టుకుని లేస్తారు. ప్రకృతి వ్యవసాయం గురించి మా ఇంట్లో వాదన జరుగుతుంటే ఆమె విని "మందు వద్దంటారు సరే తల్లీ, మా నడుములు వద్దనేదెవురు" అన్నారు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది, ఇప్పటికీ పూర్తిగా లేదు. గడ్డి మందు పల్లెల్లోకి ఇంత వేగంగా ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆ మాట వినాలి. కూలి దొరకడం లేదు, దొరికినా ఎకరా కలుపు తీతకు అయ్యే ఖర్చు పంట ధరలో మిగలడం లేదు. కలుపు తీసే పని ఎప్పుడూ ఆడవాళ్ళదే, కూలి ఎప్పుడూ మగవాళ్ళ కంటే తక్కువే. పురుగుకూ తెగులుకూ వేసే మందుల మీద జరిగినంత చర్చ ఈ పని మీద జరగదు. కాబట్టి "చేత్తో పీకించండి, అదే ఉత్తమం" అని తిరుపతిలో ఫ్యాన్ కింద కూర్చుని రాయడం నాకు చేతకాదు.

కానీ సుగంధ నూనె ఆ నడుములకు కూడా విశ్రాంతి ఇవ్వదు. లేత మొలకల దశలోనే కొట్టాలి కాబట్టి వాన పడ్డ ప్రతిసారీ మళ్ళీ కొట్టాలి. తుంగ మళ్ళీ లేస్తుంది కాబట్టి చివరికి మళ్ళీ ఆ ఆడవాళ్ళనే పిలవాలి. ఖర్చు రెట్టింపు అవుతుంది, పని మిగిలే ఉంటుంది.

మన రాష్ట్రంలో 2016 ప్రాంతం నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని గమనిస్తే ఒక విషయం ఆకట్టుకుంటుంది. పురుగులకు నీమాస్త్రం ఉంది, అగ్నిఅస్త్రం ఉంది, దశపర్ణి కషాయం ఉంది. కలుపుకు మాత్రం కొట్టే కషాయం లేదు. దాని చోట ఆచ్ఛాదన, అంటే నేలను ఆకు చెత్తతో కప్పి ఉంచడం ఉంది, ఏడాది పొడుగునా నేల మీద ఏదో ఒక పైరు ఉంచడం ఉంది, వానలకు ముందే నవధాన్యాలు చల్లడం ఉంది. ఆ కార్యక్రమం మీద నాకు వేరే ప్రశ్నలున్నాయి, కొన్ని చోట్ల కాగితాల మీద ఉన్నంత చేలల్లో లేదన్న విమర్శ కూడా విన్నాను. ఈ ఒక్క విషయంలో మాత్రం వాళ్ళ ఆలోచన సరైనదని నా నమ్మకం. కలుపు విత్తనాల్లో చాలావాటికి మొలవడానికి వెలుతురు కావాలి. ఎండ సూటిగా పడే ఖాళీ నేల ఉన్నంత కాలం ఏ ద్రవం కొట్టినా కింద నుంచి మరో వరుస మొలుస్తూనే ఉంటుంది.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఆచ్ఛాదనకు సరుకు కరువు లేదు. చెరకు నరికిన చోట ఆకు చెత్తను చాలామంది తగలబెడతారు, దాన్ని మోడు సాళ్ళ మధ్య పరిస్తే కలుపు బాగా తగ్గుతుంది, తేమ నిలుస్తుంది. వేరుశనగ పొట్టు మిల్లుల దగ్గర దొరుకుతుంది. మామిడి పాదుల్లో మేము ఎండుటాకు, పొట్టు కలిపి జానెడు మందాన వేయించాం. వేసిన పాదుల్లో పైన మొలిచే చిన్న కలుపు దాదాపు పోయింది. తుంగ మాత్రం పోలేదు, సూదిలా పొడుచుకుని వచ్చింది, కానీ నేల మెత్తగా ఉండటంతో గడ్డతో సహా పీకడం తేలికైంది. అన్ని చోట్లా ఇది కుదరదని కూడా నాకు తెలుసు. ఆవులున్న ఇంట్లో చెరకు ఆకు మేతకు పోతుంది, ఎండిన చెత్త వేసవిలో నిప్పంటుకుంటుందన్న భయం ఉంది, చెదలు పడతాయన్న భయం ఉంది. టమాటా వేసేవాళ్ళు మల్చింగ్ షీటు వేస్తున్నారు. కలుపు నిజంగానే ఆగుతుంది, కానీ పంట తీశాక ఆ చినిగిన ప్లాస్టిక్ గట్ల మీద ఎగురుతూ ఉంటుంది.

విత్తే ముందు చేయగలిగిన పని మరొకటుంది, పాత రైతులకు బాగా తెలిసిందే. మొదటి వానకు తొందరపడి విత్తకుండా, మొలిచిన కలుపును లోతు లేకుండా దున్ని చంపి, తర్వాతి పదునుకు విత్తడం. వాన నమ్మకం లేని మన దగ్గర ఒక పదును వదులుకోవడం ఎంత కష్టమో తెలుసు కాబట్టి దీన్ని అందరికీ సలహాగా చెప్పలేను. బోరు ఉన్నవాళ్ళు, కూరగాయల నారుమడి వేసేవాళ్ళు మాత్రం నీళ్ళు పెట్టి కలుపును మొలిపించి, చంపి, అప్పుడు విత్తుకోవచ్చు. సుగంధ నూనెకు సేద్యంలో ఎక్కడైనా న్యాయమైన చోటు ఉందంటే అది ఇటువంటి నారుమడిలోనే, సెంటు రెండు సెంట్ల నేలలో, విత్తనం మొలవడానికి ముందు పైకి వచ్చిన లేత కలుపు మీద. అంత చిన్న చోటుకు ఖర్చు భరించవచ్చు. పిల్లలు ఆడుకునే బడి ఆవరణలో బండల సందులకు, కుండీలకు, ఇంటి ప్రహరీ మొదళ్ళకు కూడా నేను దాన్ని సిఫారసు చేస్తాను, గడ్డి మందు కొట్టకూడని చోట్లవి. తమ్ముడికి కూడా అదే చెప్పాను. ఇంటి ముందర వాడుకో, ఉప్పు వేయకు, తోటకు పొట్టు తోలించు అని.

ఇక అమ్మేవాళ్ళ గురించి. మన దేశంలో కలుపు మందులు కూడా 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికే వస్తాయి. అమెరికాలో 1996 నుంచి లవంగం, దాల్చిన, నిమ్మగడ్డి వంటి కొన్ని నూనెలకు రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది, కానీ అక్కడ కూడా సీసా మీద ఏ నూనె ఎంత శాతం ఉందో ముద్రించి తీరాలి. మన దగ్గర బయో పేరుతో వచ్చే కొన్ని సీసాల్లో రసాయన మందులు కలిపినట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. లోపల ఏముందో రాయని "మూలికల" కలుపు మందు కొట్టగానే తుంగ వేరుతో సహా ఎండిపోయిందంటే, దాన్ని చూసి సంబరపడటం కంటే అనుమానించడమే మంచిది, ఎందుకంటే ఆ పని లవంగ నూనె వల్ల అయ్యేది కాదు. ప్రకృతి వ్యవసాయ సర్టిఫికెట్ కోసం మూడేళ్ళుగా కష్టపడుతున్న రైతు అటువంటి సీసా ఒక్కటి వాడితే ఆ కష్టమంతా పోతుంది.

తిరుపతిలో వ్యవసాయ కళాశాల ఉంది, ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది. డాండెలియన్ మీద కాదు, మన తుంగ మీద, గరిక మీద, వయ్యారిభామ మీద, మన ఎర్ర నేలల్లో, జూన్ ఎండలోనూ అక్టోబరు తేమలోనూ ఈ నూనెలను పరీక్షించి, ఎకరాకు ఎంత ఖర్చవుతుందో, కొట్టిన నెల తర్వాత ఎంత కలుపు తిరిగి లేచిందో తెలుగులో ఒక కరపత్రంగా వేస్తే రైతు సేవా కేంద్రాల గోడకు అంటించవచ్చు. పక్కనే అదే విస్తీర్ణంలో చెరకు ఆకు పరిచిన మడిని, గుంటక తోలిన మడిని, ఆడవాళ్ళు చేత్తో తీసిన మడిని కూడా పెట్టి, ఎన్ని కూలి పనిదినాలు పట్టాయో పక్కపక్కన రాయాలి. ఆ పట్టికలో లవంగ నూనె గెలిస్తే నేను ఈ వ్యాసం కిందే ఆ ఫలితాన్ని ప్రచురిస్తాను. అప్పటిదాకా, శాతం రాయని, ఏ కలుపు మీద ఏ దశలో కొట్టాలో చెప్పని, రిజిస్ట్రేషన్ నంబరు లేని సీసాను ఎవరూ కొనవద్దని, అంగడిలో ఆ మూడు ప్రశ్నలు గట్టిగా, అందరికీ వినబడేలా అడగమని నా మనవి.